తడి గీత

2010 ఏప్రిల్ నెలాఖరు. కాలువకి నీళ్లు కట్టేసి పది రోజులైంది. కాలువ కట్టేశాక కోనసీమలో ఊరి రంగే మారిపోతుంది. అన్ని నెలలూ నిండుగా పారిన కాలువలో బురద ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. వంతెన కింద మిగిలిన మడుగుల్లో పిల్లలు కొర్రమీనుల కోసం చేతులు పెట్టి వెతుకుతుంటారు. కాస్త ఎగువన నేల గట్టిపడిన చోట పుల్లలు పాతి క్రికెట్టు ఆడుతుంటారు. గాలి నిండా ఎండిన నాచు వాసన. ఆ వాసనలో, పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన నవారు మంచం వేసుకుని, స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని, మా నాన్నా నేనూ రెండు రాత్రులు ఒక ఇంగ్లీషు సినిమా చూశాం. చైనాటౌన్. 1974లో వచ్చింది. నేను పుట్టిన ఏడూ అదే.

మా నాన్న చూసిన ఇంగ్లీషు సినిమా అదొక్కటే. ఆయనకి ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా ఆ సినిమాని ఆయన చూసినట్టు ఇంకెవరూ చూసి ఉండరని నా నమ్మకం. అదెందుకో చెప్పాలంటే ముందు లాకు గురించి చెప్పాలి.

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరు, అంటే లాకులూ తూములూ చూసుకునే చిన్న ఉద్యోగి. అమలాపురం వైపు పోయే కాలువ మీద ఒక లాకు దగ్గర ఉద్యోగం. ఊరి పేరు రాయను, ఈ కథలో మనుషులు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. లాకంటే తెలియనివాళ్ల కోసం: కాలువకి అడ్డంగా రెండు జతల పెద్ద తలుపులు, మధ్యలో రాతిగోడల గది. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, నీళ్లు ఇటూ అటూ సమానమయ్యాక ముందు తలుపులు తీస్తారు. నాకు ఊహ తెలిసేటప్పటికే పడవలు తగ్గిపోయాయి. గడ్డి పడవలు, ఇటుక పడవలు, కొబ్బరికాయల పడవలు వారానికి నాలుగో ఐదో వచ్చేవి. లాకు పక్కనే పిల్లకాలువకి తూము ఉండేది. ఇనప షట్టరు, దాన్ని ఎత్తడానికి మర, మర తిప్పడానికి హ్యాండిలు. హ్యాండిలు మా ఇంట్లోనే, తలుపు మూల నిలబెట్టి ఉండేది. మా ఇల్లంటే లస్కరు క్వార్టరు. రెండు గదులు, పెంకులు, చుట్టూ నిద్రగన్నేరు చెట్లు.

పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ నాన్న మెట్లు దిగి గేజి చూసేవాడు. నీళ్లలో పాతిన రాయి మీద అడుగుల లెక్కలో గీతలుంటాయి. నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూసి, పైకొచ్చి, గేజి బుక్కులో తేదీ వేసి నీలం సిరాతో రాసేవాడు. ఆయన చదివింది ఐదో తరగతి. కానీ ఆ పుస్తకంలో ఆయన రాత అచ్చు వేసినట్టుండేది. కొట్టివేత ఉండేది కాదు. ఒకసారి తప్పు పడితే దాన్ని దిద్దకుండా, పక్కన సరైన అంకె వేసి, పొడి సంతకం పెట్టాడు. 'రికార్డు మీద చెరుపు ఉండకూడదురా, తప్పుంటే తప్పు కనపడాలి' అన్నాడు.

దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పక్కన కాటన్ దొర పటం ఉండేది మాకు. మా వైపు అది వింతేమీ కాదు. 1833 కరువులో జనం పిట్టల్లా రాలిపోయిన జిల్లా ఇది. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం దగ్గర ఆయన గోదావరి మీద ఆనకట్ట కట్టకపోయి ఉంటే మేం ఎక్కడుండేవాళ్లమో. 1982లో పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ పూర్తయినప్పుడు నాన్న నన్ను సైకిలు ముందు బారు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఇలా నాలుగు భాగాలు కలిపి 175 గేట్లు. లెక్కపెట్టమన్నాడు. ర్యాలి దాకా లెక్కపెట్టి నిద్రపోయాను. తిరిగొచ్చాక 'ఎన్నిరా' అంటే ఏదో అంకె చెప్పాను. 'లెక్క తెలీకపోతే తెలీదని చెప్పు, ఊహించి చెప్పకు' అన్నాడు. మెత్తగానే అన్నాడు.

మా అమ్మ నాకు ఏడో ఏట పోయింది. పచ్చకామెర్లు. ఆ తర్వాత ఆ లాకు దగ్గర మేమిద్దరమే. ఊరు అరమైలు దూరం. రాత్రయితే షట్టరు కింద నీళ్లు జారే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. నాన్న వంట చేసేవాడు, నేను లాంతరు తుడిచేవాణ్ణి. మాటలు తక్కువ. ఆయనకి మాట్లాడాలని ఉండేదో లేదో నాకు తెలియదు, నేనెప్పుడూ అడగలేదు. అడగాలని తోచే వయసు వచ్చేటప్పటికి అడిగే చనువు పోయింది.

ఆ ఒంటరితనంలో నాకు దొరికింది డిటెక్టివ్ నవలలు. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల బంకు ఉండేది, రోజుకి పావలా. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ అంటే ప్రాణం. అట్ట చిరిగిపోయి, మొదటి పది పేజీలు లేకపోయినా తెచ్చుకునేవాణ్ణి. యుగంధర్‌కి రాజు అని అసిస్టెంటు ఉంటాడు. నాకు ఎవరూ లేరు కాబట్టి నేనే యుగంధర్ని, నేనే రాజుని. నలభై పేజీల నోటుబుక్కు ఒకటి కొని, దానికి బ్రౌను కాగితం అట్ట వేసి, అందులో 'పరిశోధన' రాయడం మొదలుపెట్టాను. లాకు దాటిన పడవలు, వాటి మీద మనుషులు, ఎవరు ఎన్ని బీడీలు కాల్చారు, ఏ గేదె ఎవరిది. చదువుకంటే శ్రద్ధగా రాసేవాణ్ణి.

తొమ్మిదో తరగతి చదువుతున్న ఏడు దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, మా కాలువ మీద వంతులు పెట్టారు. సార్వాకి, వానాకాలం పంటకి, నీళ్లు అందరికీ ఉంటాయి, పైగా ముంపు. దాళ్వాయే తగువుల పంట. పిల్లకాలువకి ఇన్ని రోజులు వదలాలి, ఇన్ని రోజులు కట్టాలి అని లెక్క వస్తుంది. లెక్క కాగితం మీద అందరికీ సమానమే. కానీ వదిలిన నీళ్లు శివారుకి చేరేలోగా ఎగువవాళ్లు ఇంజన్లు పెట్టి తోడేసుకుంటారు. బోదెల్లో పూడిక, గుర్రపుడెక్క. నీళ్లు నత్తలా పాకుతూ శివారుకి చేరేటప్పటికి వంతు అయిపోతుంది, షట్టరు దిగిపోతుంది. శివారు భూముల బాధ మరీ పెద్దది. సముద్రం దగ్గరపడే కొద్దీ, మంచినీళ్లు పై నుంచి అదిమిపెట్టకపోతే కింద నుంచి ఉప్పు లేస్తుంది. చేను ముందు ఎర్రబారుతుంది, తర్వాత మాడిపోతుంది.

ఆ శివారులో ఎకరం ముప్పై సెంట్లు కౌలుకి చేస్తున్న ఒకామె ఉండేది. భర్త లేడు, ఐదారేళ్ల కూతురు. పేరు రాయను. మేం 'శివారు అత్త' అనేవాళ్లం. ఒక సాయంత్రం కూతుర్ని చంకనేసుకుని మా క్వార్టరు దగ్గరికొచ్చింది. నేను గుమ్మంలో లెక్కలు చేసుకుంటున్నాను.

'అన్నయ్యగారండి, చేను పొట్ట మీదుందండి. రెండు తడులు పడితే చాలండి. లేపోతే మొత్తం తాలైపోద్దండి.'

'వంతు కాదమ్మా.'

'వంతొచ్చినా నా దాకా రావట్లేదు కదండి.'

నాన్న మారు పలకలేదు. ఆమె కాసేపు నిలబడి వెళ్లిపోయింది. పిల్ల మాత్రం వెనక్కి తిరిగి చూస్తూ ఉంది.

ఆ రాత్రి కాదు, ఆ మర్నాటి రాత్రి, మెలకువ వచ్చి చూస్తే నాన్న పక్క ఖాళీగా ఉంది. తలుపు మూల హ్యాండిలు లేదు. నేను లేవలేదు, భయమేసింది. తెల్లవారి ఆరింటికి నాన్న గేజి చూసి వెళ్లాక, యుగంధర్ని కాబట్టి, నేనూ మెట్లు దిగాను. పిల్లకాలువ గేజి రాయి మీద నీళ్లు ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయి. కానీ వాటికి జానెడు పైదాకా రాయి తడిగా ఉంది. పైన ఎండిన రాయి తెల్లగా, కింద తడిసిన రాయి నల్లగా, మధ్యలో దారం పట్టి గీసినట్టు గీత. ఆ గీత దగ్గర ఒక చిన్న నత్త అతుక్కుని ఉంది. దాని వీపు ఇంకా తడిగానే ఉంది. రాత్రి నీళ్లు ఆ ఎత్తున పారి, తెల్లవారేలోగా దిగిపోయాయి. పైకొచ్చి గేజి బుక్కు తెరిచి చూశాను. అందులో పొద్దుటి మట్టం ఒక్కటే ఉంది.

నేను నా నోటుబుక్కులో తేదీ వేసి అంతా రాశాను. తడి గీత బొమ్మ కూడా గీశాను. ఆ ఆనందం ఇప్పటికీ గుర్తుంది, పుస్తకాల్లో చదివినట్టు నిజంగానే ఒక గుట్టు కనిపెట్టానని. ఆ ఆనందాన్ని ఆపుకోలేక బళ్లో నా పక్కన కూర్చునే కుర్రాడికి చెప్పాను. నోటుబుక్కు చూపించాను. వాళ్ల నాన్నకి ఎగువన పాతిక ఎకరాలుంది, రెండు ఇంజన్లున్నాయి. అది నాకు తెలుసు. దానికీ దీనికీ ముడి ఉందని మాత్రం నాకు తట్టలేదు.

ఇంకో రాత్రికే గట్టు మీద మనుషులు కాపు కాశారు. తెల్లవారుజామున శివారులో ఆ ఒక్క చేనే తడిసి ఉంది. పొద్దున రావిచెట్టు కింద పంచాయితీ. తూము ఎత్తిందెవరని అడిగారు. నాన్న అక్కడే, తలపాగా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నోరు తెరిచేలోపు ఆమె అంది: 'నేనేనండి. లస్కరుగారు నిద్దట్లో ఉంటే హ్యాండిలు ఎత్తుకెళ్లి తిప్పానండి.'

ఆ మర ఆడమనిషి ఒక్కతీ తిప్పగలిగేది కాదు. అక్కడున్న ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. కానీ లస్కరు మీదికి పోతే ఆఫీసు, కాగితాలు, రేపు వాళ్లకి కావలసినప్పుడు వాళ్లకీ ఇబ్బంది. ఆమె మీదికి పోతే ఏమీ లేదు. తప్పు వేశారు. పండిన దాంట్లో సగం కట్టించారు. కోతలవగానే కౌలు తీసేశారు. ఆ ఏడాది తిరక్కుండానే కూతుర్ని తల్లి దగ్గర వదిలి కువైట్ వెళ్లిపోయింది, అక్కడ ఎవరింట్లోనో పనికి. మా కోనసీమ నుంచి అప్పటికే చాలామంది ఆడవాళ్లు అలా వెళ్తున్నారు.

నాన్న ఆ రోజు ఇంటికొచ్చి వంట చేశాడు, నాకు పెట్టాడు, తాను తినలేదు. నోటుబుక్కు నేను అటక మీద చేటల వెనక దాచాను. కొన్నాళ్లకి చూస్తే అక్కడ లేదు, ఎలకలు కొట్టేశాయనుకున్నాను. డిటెక్టివ్ నవలలు మానేశాను. నాన్న రాత్రిళ్లు గట్టు మీద నడవడం అప్పటి నుంచే. లైటు వేసుకుని, లాకు నుంచి వంతెన దాకా, వంతెన నుంచి లాకు దాకా. రిటైరయ్యేదాకా నడిచాడు.

నేను చదువుకుని హైదరాబాదు వచ్చేశాను. 2006లో, అమీర్‌పేటలో గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర, ఆదివారం ఏం చెయ్యాలో తెలియదు. ఆఫీసులో ఒక అబ్బాయి డీవీడీలు ఇస్తుండేవాడు. అలా దొరికింది ఈ సినిమా. నోయిర్ అంటారు, నేరాల చీకటి కథలు చెప్పే ఈ కోవ సినిమాలని. పాతకాలంలో అవి నలుపు తెలుపుల్లో, వానలో, రాత్రి వీధుల్లో నడిచేవి. ఇది అలా కాదు. రంగుల్లో, ఎర్రటి ఎండలో, నీళ్లకి కటకటలాడుతున్న లాస్ ఏంజెలిస్‌లో, 1937లో నడుస్తుంది. జేక్ గిటిస్ అనే ప్రైవేటు డిటెక్టివు. జాక్ నికల్సన్ వేశాడు. మొగుడు పెళ్లాల గొడవల్లో ఫోటోలు తీసి బతికే మనిషి. మంచి సూటు, మంచి టోపీ, సాయంత్రమైతే ఎదురుచూసేవాళ్లు లేరు. నగరం నీళ్ల శాఖ ఇంజనీరు మీద కన్నేసి ఉంచమని పని వస్తుంది. ఆ ఇంజనీరు నీళ్లలో పడి చనిపోయి తేలతాడు. అక్కడ నుంచి తవ్వుకుంటూ పోతే నీళ్ల దొంగతనం, భూముల కొనుగోళ్లు, వాటన్నిటి వెనకా ఒక ముసలాయన.

ఆ సినిమాలో గిటిస్ లేని సీను లేదు. ఆయనకి తెలిసిందే మనకి తెలుస్తుంది, ఆయన పొరబడితే మనమూ పొరబడతాం. ఆయన్ని కొట్టి పడేస్తే తెర కూడా చీకటైపోతుంది. నాకు ఆ సంగతి ఛాతీలో గుచ్చుకుంది. గిటిస్ ఒకప్పుడు చైనాటౌన్‌లో, ఆ నగరంలో చైనావాళ్లుండే పేటలో, పోలీసు. అక్కడ ఏదో జరిగింది. అడిగితే చెప్పడు. చివరికి ఒక రాత్రి ఆ ఇంజనీరు భార్యతో ముక్తసరిగా అంటాడు, ఒకామెకి చెడు జరక్కుండా కాపాడాలని చూసి, తానే ఆమెకి చెడు జరిగేలా చేశానని. అక్కడ డీవీడీ ఆపేసి, చాలాసేపు ఆ గదిలో ట్యూబులైటు వైపు చూస్తూ కూర్చున్నాను.

నాన్నకి చూపించాలని నాలుగేళ్ల తర్వాత ఎందుకనిపించిందో ఇప్పటికీ నికరంగా చెప్పలేను. బహుశా నేను నోరు తెరిచి చెప్పలేనిది ఆ సినిమా చెబుతుందని ఆశ. రిటైరై నాన్న సొంతూరులో ఉంటున్నాడు. 'నీళ్ల మీద సినిమా ఉంది, చూస్తావా నాన్నా' అన్నాను. 'నీళ్ల మీదా? పెట్టు' అన్నాడు.

నేను పక్కన కూర్చుని ప్రతి మాటా తెలుగులో చెబుతున్నాను. పది నిమిషాలకే అర్థమైంది, నేను చెప్పక్కర్లేనివి చాలా ఉన్నాయని. ఎండిన ఏటి ఇసుకలో ఇంజనీరు ఒక్కడే తిరుగుతుంటే 'గేజి చూస్తున్నాడు' అన్నాడు. డిటెక్టివు కారు చక్రం కింద గడియారం పెట్టి, కారు కదిలినప్పుడు అది నలిగి ఆగిన టైము బట్టి ఎన్నింటికి వెళ్లాడో కనిపెడితే తొడ మీద చరిచి 'బావుందిరా' అన్నాడు. కరువని చెబుతూనే రాత్రిపూట నీళ్లు వదిలేస్తున్నారని గిటిస్‌కి ఇంకా తెలియకముందే నాన్న మంచం మీద ముందుకి జరిగాడు. 'ఇవి దొంగనీళ్లు. పైన ఎవడో ఎత్తుతున్నాడు. పొలాలు ఎండిపోతే చవగ్గా కొనుక్కోడానికి.' కథలో ఆ ముడి విప్పడానికి ఇంకో గంట పడుతుంది.

ఇంజనీరు ఊపిరితిత్తుల్లో ఉప్పునీళ్లున్నాయని తెలిసే చోట నేను అనువాదం పూర్తిచెయ్యలేదు. 'మంచినీళ్లలో దొరికాడు కదా. అయితే చచ్చింది వేరేచోట' అన్నాడు. ఆయనకి అలవాటే. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన శవాలు లాకు తలుపులకి తగిలి ఆగేవి, వెళ్లి పోలీసులకి చెప్పేది ఆయనే. రికార్డుల ఆఫీసులో గిటిస్ గట్టిగా దగ్గుతూ, ఆ చప్పుడు చాటున రిజిస్టరులో కాగితం చింపేస్తాడు. చూసేవాళ్లందరూ ముచ్చటపడే సీను. నాన్న ముఖం చిన్నబోయింది. 'రికార్డు చింపకూడదు. రాసుకుపోవచ్చుగా' అన్నాడు.

ఎండిన ఏటి దగ్గర గుర్రం మీద ఒక కుర్రాడుంటాడు. ఇంజనీరు అతన్నే అడిగాడు, డిటెక్టివూ అతన్నే అడుగుతాడు, నీళ్లెప్పుడొస్తున్నాయని. రాత్రిళ్లు వస్తాయి, రోజుకోచోట అని చెబుతాడు. నాన్న తెర మీద నుంచి కన్ను తిప్పకుండా అన్నాడు: 'ఆ కుర్రాడికి అన్నీ తెలుసు.' అప్పుడు నేను దాన్ని సినిమా గురించిన మాటే అనుకున్నాను.

చైనాటౌన్ సంగతి గిటిస్ చెప్పే చోటుకి వచ్చాం. ఆ రెండు వాక్యాలూ తెలుగులో చెప్పాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. నాన్న 'ఆపరా' అన్నాడు. ఆపాను. కరెంటు కూడా పోయింది. చీకట్లో చుట్ట ముట్టించుకున్నాడు.

'శివారు ఆవిడ గుర్తుందా నీకు?'

ఉందన్నాను.

'ఎత్తింది నేనే.'

ఇరవై రెండేళ్ల తర్వాత నాన్న ఆ మాట అనడం అదే మొదలు. మూడు రాత్రులు రెండేసి చుట్లు ఎత్తాడట, ఒంటిగంటన్నరకి ఎత్తి నాలుగింటికి దించేసేవాడట. పంచాయితీలో చెబుదామని నోటి దాకా వచ్చిందట, ఆమె ముందే అనేసిందట. అన్నాక కాదని చెబుదామంటే ఉద్యోగం పోతే నువ్వు, అని ఆగిపోయాడు. కువైట్ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు ఆమె మా నాన్న కోసం పెద్ద టార్చిలైటు తెచ్చి ఇచ్చిందట, 'రాత్రిళ్లు గట్టు మీద తిరుగుతున్నారంట, పురుగూ పుట్రా ఉంటాయి అన్నయ్యగారండి' అని. అన్నేళ్లు ఆయన చేతిలో చూసిన లైటు అదే. ఆమె కూతురు ముమ్మిడివరంలో ఉంటోందని, ఇద్దరు పిల్లలని కూడా చెప్పాడు. అన్నీ కనుక్కుంటూనే ఉన్నాడు.

'ఎవరు చూశారో మరి' అన్నాడు చివరికి. 'ఎవరో చూసుంటారు.'

ఆ ఒక్క క్షణం నాకోసమే ఆగింది. చీకటి, చుట్ట నిప్పు, ఎదురుగా నాన్న. చెప్పెయ్యాల్సింది. నోరు పెగల్లేదు. ఎవరో చూసుంటారు నాన్నా, అన్నాను.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ అడిగాడు, అది నిజంగా జరిగిన కథేనా అని. కథ కల్పితమే కానీ నీళ్లు నిజమని చెప్పాను. ఓవెన్స్ వ్యాలీ అనే చోటు నుంచి 233 మైళ్లు కాలువ తవ్వి 1913లో లాస్ ఏంజెలిస్‌కి నీళ్లు తెచ్చారని, తమ నీళ్లు పోయాయని ఆ లోయ రైతులు 1924లో ఆ కాలువని డైనమైట్ పెట్టి పేల్చారని చెప్పాను. కాలువ కట్టిన ఇంజనీరు విలియం మల్‌హాలండ్. ఆయన కట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ 1928 మార్చిలో అర్ధరాత్రి తెగిపోయి నాలుగు వందల మందికి పైగా కొట్టుకుపోయారు. విచారణలో ఆయన ఎవరి మీదికీ నెట్టలేదు. మనిషి చేసిన పొరపాటే అయితే ఆ మనిషిని నేనే అన్నాడు.

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు. 'అందరిముందూ అన్నాడా?' అన్నాడు. అవునన్నాను. 'రాసుకున్నారా ఆ మాట?' రాసుకున్నారన్నాను. ఇంకేమీ అడగలేదు.

రెండో రాత్రి మిగతాది చూశాం. ఇంజనీరు భార్యకీ ఆ ముసలాయనకీ ఉన్న చుట్టరికం బయటపడే చోట నేను నీళ్లు నమిలాను. తండ్రికి కొడుకు చెప్పే మాట కాదది. 'కన్నతండ్రా?' అని ఒక్కసారి అడిగి, ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆ ఒక్క చివరి సీనే చైనాటౌన్‌లో జరుగుతుంది. గిటిస్ ఈసారీ కాపాడాలనే చూస్తాడు. ఆయన వల్లే అందరూ అక్కడ చేరతారు. కారు కదులుతుంది, తుపాకీ పేలుతుంది, కారు హారను ఆగకుండా మోగుతూ ఉంటుంది, ముసలాయన ఆ ఇంజనీరు భార్య కూతురి కళ్లు, ఆ చిన్నపిల్ల కళ్లు, చేత్తో మూసి తనతో తీసుకుపోతాడు. గిటిస్‌ని స్నేహితులు పక్కకి లాక్కుపోతారు, ఇది ఇంతే పద అని. కథ రాసిన రాబర్ట్ టౌన్ ముగింపు ముందు ఇలా రాయలేదు. డైరెక్టరు పొలాన్‌స్కీ పట్టుబట్టి మార్పించాడు. పదకొండు ఆస్కార్లకి పోటీపడితే వచ్చింది ఒక్కటే, టౌన్ రాసిన స్క్రిప్టుకి. నాకు టౌన్ కోరిక అర్థమవుతుంది. కానీ ఆ ముగింపే నిజమని కూడా తెలుసు.

'ఆ పిల్ల?' అన్నాడు నాన్న.

సినిమా అయిపోయిందన్నాను.

'అయిపోతే? ఆ పిల్ల ఏమైంది?'

అక్కడితో ఆపేశారు నాన్నా, అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ కూడా ఆ పిల్ల మాటే ఎత్తాడు. తర్వాత భాగం ఉండే ఉంటుంది, అందులో పిల్ల బయటపడుతుంది, కనుక్కో అన్నాడు.

నేను బయల్దేరే రోజు బస్సు దాకా వచ్చాడు. 'నీ దగ్గర పెన్నుందా, నాది ఊరికే పొడిచినట్టు రాస్తోంది' అన్నాడు. జేబులో నల్ల జెల్ పెన్ను ఉంటే ఇచ్చాను. చొక్కా జేబుకి జాగ్రత్తగా తగిలించుకున్నాడు.

నాన్న 2016 జూన్‌లో పోయాడు, కాలువ వదిలిన వారానికి. కర్మలన్నీ అయ్యాక ఆయన ఇనప పెట్టె తెరిచాను. రెండు పంచెలు, పెన్షను కాగితాలు, అమ్మ నల్లపూసలు, బ్యాటరీలు తీసేసిన టార్చిలైటు. అడుగున బ్రౌను కాగితం అట్ట వేసిన నలభై పేజీల నోటుబుక్కు.

ఎలకలు కొట్టెయ్యలేదు. ఒక్క కాగితం చిరగలేదు. నా పిల్లరాత, గీతల బొమ్మ, నత్త కూడా. పడవలు, బీడీలు, గేదెలు అన్నీ ఉన్నాయి. తడి గీత రాసిన పేజీ కింద సగం ఖాళీ ఉండేది. అక్కడ నల్ల జెల్ సిరాతో, కాస్త వణికినా ఇంకా అచ్చు వేసినట్టే ఉన్న రాతలో, గేజి బుక్కులో రాసినట్టే గళ్లు గీసి రాసి ఉంది.

'11-3-1988. రాత్రి 1-30కి తూము రెండు చుట్లు ఎత్తడమైనది. 4-00కి దించడమైనది. ఎత్తినది లస్కరు. ఆమెకి సంబంధం లేదు. పిల్లవాడికి సంబంధం లేదు.'

కింద పొడి సంతకం.